కాశీయాత్రికులు ఏనుగుల వీరాస్వామయ్యగారు

ఖరగ్‌పూరు రైల్వేపట్టణమున నిమ్‌పురా తెలుగువారు పెక్కుమంది నివసించు పేట. తెల్లవారుజామున యార్డులో బండిపెట్టెలు ఒకదానితో నొకటి తగులుకొను చప్పుడును, ఆ వెంటనే ముంగిళ్లలో కళ్లాపి చల్లు చప్పుడును కలసి వినవచ్చు చోటు ఇది. పందొమ్మిదవ శతాబ్ది ముగిసి ఇరువదవ శతాబ్ది మొదలగు దినములలో బెంగాల్ నాగపూర్ రైల్వేవారు ఖరగ్‌పూరున కూడలి స్టేషనును, వర్క్‌షాపును నెలకొల్పిరి. నాటి నుండి విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతముల వారు కూలికిని కొలువునకును ఇటు వచ్చి, ఇచ్చటనే ఇండ్లు నిలుపుకొని, తరములు గడపిరి.

రైలు రాకమునుపు ఈ భూమిని దేశమునకు కలిపినది జగన్నాథపు బాట. కలకత్తా నుండి పూరీకి పోవు ఆ పాత దారి మేదినీపురము దాటి, నారాయణగఢ్, దాంతన్, జలేశ్వరముల మీదుగా బాలేశ్వరమునకు సాగుచుండెను. నేటి నిమ్‌పురాకు అది కొలది మైళ్ల దూరము మాత్రమే. 1831వ సంవత్సరమున ఆ దారి వెంట ఒక తెలుగు పరివారము పల్లకులతో, డేరాలతో, వంటపాత్రలతో దక్షిణమునకు సాగిపోయెను. పరివారమునకు పెద్ద చెన్నపట్టణపు సుప్రీంకోర్టు ఉద్యోగి. మజిలీ చేరినంతనే ఆ ఊరి నీరెట్టిది, అంగళ్లెన్ని, నీడ యెక్కడ, ముందరి దారి యెట్లున్నది అని విచారించి వ్రాసికొనుట ఆయన అలవాటు. ఆయనయే ఏనుగుల వీరాస్వామయ్యగారు. ఆయన వ్రాసిన లేఖలే కాశీయాత్రచరిత్ర యను పేర తెలుగు వచనమున తొలి గొప్ప యాత్రాగ్రంథముగా నిలచినవి.

వీరాస్వామయ్యగారు 1780వ సంవత్సర ప్రాంతమున చెన్నపట్టణమున ఒక నియోగి బ్రాహ్మణ కుటుంబమున జన్మించిరి. బాల్యముననే తండ్రిని కోల్పోయిరి. ఇంటి భారము మీద పడు కాలమునకు చేతిలో నున్నది చదువొక్కటే. ఆ దినములలో చెన్నపట్టణమున ఆంగ్లము నేర్చిన దేశీయుల సంఖ్య స్వల్పము. పాఠశాలలు లేవనదగినంత తక్కువ. దొరల కచ్చేరీలలో పనిచేయుచు, విని, చూచి, వ్రాసి నేర్చుకొనవలసినదే. వీరాస్వామయ్యగారు ఆ విధముగనే చిన్న వయస్సున ఆంగ్లమున దిట్టయై కచ్చేరీ కొలువున ప్రవేశించిరి. తెలుగు, అరవము, ఆంగ్లములతో నిత్యము మెలగుచు, సంస్కృత శాస్త్రవిషయములను పండితుల గోష్ఠిలో గ్రహించుచు, మెట్టు మెట్టుగా పైకి వచ్చి, 1801లో చెన్నపట్టణమున ఏర్పడిన సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు పదవిని అధిష్ఠించిరి.

ఇంటర్‌ప్రెటరనగా సాక్షి చెప్పినదానిని న్యాయమూర్తి భాషలోనికి, న్యాయమూర్తి అడిగినదానిని సాక్షి భాషలోనికి మార్చి చెప్పువాడు. ఈ పనిలో చిన్నది యని విడువదగినది ఏదియు లేదు. సాక్షి చూచితిననెనో, చూచినట్లున్నదనెనో, ఆ రెండింటి నడుమ ఒక మనుష్యుని ఆస్తియో ప్రాణమో వ్రేలాడుచుండును. పల్లెటూరివాడు దూరమును ఆమడలలో చెప్పును. కాలమును ప్రొద్దును బట్టి చెప్పును. ధాన్యమును తన ఊరి కొలతతో చెప్పును. అవి యన్నియు ఎరిగినవాడే సరిగా మార్చి చెప్పగలడు. ఏండ్ల తరబడి అట్టి పనియందు మెలగిన మనస్సునకు, ఇతరులు దాటిపోవు స్వల్పవిషయముల యెదుట ఆగి నిలచుట సహజ మయ్యెను. ఉద్యోగము మనుష్యుని అలవాటు చేయును. అలవాటు అతని ఆనందమును కూడ నిర్ణయించును. వీరాస్వామయ్యగారి జీవితమున ఈ మాట స్పష్టముగా కానవచ్చును.

ఏబది యేండ్ల వయస్సున ఆయనకు కాశీయాత్ర చేయవలెనను సంకల్పము కలిగెను. కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును సమానమను సామెత వట్టిగా పుట్టలేదు. రైలు లేదు; తంతితపాలు లేదు. దారిలో అడవులు, ఏరులు, దొంగలు. దేశమంతట ఒక్క ప్రభుత్వమైనను లేదు. చెన్నపట్టణము విడిచిన కొన్నాళ్లకు కుంపిణీ సీమ దాటి కర్నూలు నవాబు సీమ, అటుపిమ్మట నిజాము రాజ్యము, ఆవల నాగపూరు భోంసలే రాజ్యము. ప్రయాణికులను నమ్మించి ఉరివేసి చంపు థగ్గుల ముఠాలను అణచుటకు స్లీమన్ దొర నర్మదా తీరమున గట్టి ప్రయత్నము ప్రారంభించినది సరిగా ఆ కాలముననే. కాశికి పోవువారు ఇంటివారి వద్ద కడసారి సెలవు తీసికొనునట్లు పోవుచుండిరి.

వీరాస్వామయ్యగారు ఒంటరిగా బయలుదేరినను ఈ కథ వేరుగా నుండెడిది. ఆయన వెంట కుటుంబ స్త్రీలు, బంధువులు, వంటవారు, బోయీలు, నౌకరులు, మొత్తము నూరుమందికి పైబడు పరివారము బయలుదేరెను. అందరి అన్నము, అందరి నీరు, అందరి క్షేమము ఆయన పూచీ. 1830 మే 18వ తేదీ మంగళవారము రాత్రి 9 గంటలకు చెన్నపట్టణమునందలి ఇల్లు విడిచి, తొలుత తండయారువేడులోని తన తోట చేరి, అటనుండి మాధవరము మీదుగా యాత్ర సాగించిరి. మండువేసవిలో బయలుదేరిన ఆ పరివారము 1831 సెప్టెంబరు 3వ తేదీన గాని తిరిగి ఇల్లు చేరలేదు.

బయలుదేరునప్పుడు ఆప్తమిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారు దారిలో చూచిన విశేషములను వ్రాసి పంపుమని కోరిరి. శ్రీనివాసపిళ్లగారు పిమ్మట చెన్నపట్టణపు ప్రజాజీవితమున ముఖ్యులై విద్యావ్యాప్తికై పాటుపడినవారు. మిత్రుని కోర్కెను వీరాస్వామయ్యగారు తన కచ్చేరీ పనియంత శ్రద్ధతో నెరవేర్చిరి. తపాలు చిక్కిన చోటనెల్ల లేఖలు పంపిరి. ఆ లేఖలలో పండితుల గ్రాంథికము లేదు. చెన్నపట్టణమున ఇండ్లలోను కచ్చేరీలలోను వాడుకలో నున్న తెలుగు, నడుమ నడుమ అరవము, హిందుస్తానీ, ఆంగ్లపదములతో కూడి, మాట్లాడినంత సహజముగా సాగును. పత్రికలకును, ముద్రణకును వ్రాయుచున్నామను భావము లేకపోవుటయే ఆ రచనకు ప్రాణమైనది.

ఆయన దినచర్య ఇట్లుండెను. చల్లనిపూట పయనము, ఎండ ముదరకముందే మజిలీ, స్నానము, జపము, వంట, భోజనము, పిమ్మట ఊరిని గూర్చిన విచారణ. ఈ ఊరు పెద్దదా చిన్నదా? ఇండ్లెన్ని? బస చేయుటకు సత్రమున్నదా, తోపున్నదా, లేక డేరాలు వేయవలెనా? బావినీరు మంచిదా ఉప్పుదా? అంగళ్లలో ఏ వస్తువులు దొరకును? ముందరి దారి ఇసుకయా, రేగడయా, రాతినేలయా? ఏరున్నచో కాలినడకను దాటవచ్చునా, పడవ కావలెనా? వేలకొలది మైళ్ల యాత్రలో మజిలీ వెంబడి మజిలీగా ఈ ప్రశ్నలు వేసి, జవాబులు రాబట్టి, ఆయన వ్రాయుచు పోయిరి. వేగముగా చదువువారికి కాశీయాత్రచరిత్ర యొకచోట ఆగి యొకచోట నడచు పట్టికవలె తోచవచ్చును. ఘనమైన యుద్ధములను, రాజసభలను కోరి ఆ పుస్తకము తెరచినవారు కొందరు నిరాశతో మూయుటయు కలదు.

కాని బావి యనునది ఆ నూరుమందికి ఏమైయుండునో యొకమారు తలచి చూడవలెను. పల్లకి మోయు బోయీలు ఎండలో ఆమడదూరము నడచి వచ్చిరి. స్త్రీలు మేనాల ఉక్కలో కూర్చుండి వచ్చిరి. వంటవాడు కట్టెలకును నీటికిని వెదకుచున్నాడు. అట్టి సమయమున మామిడితోపు నీడ, దాని ప్రక్కన తీయని నీరుగల బావి, ఎదుట బియ్యము, పప్పు, నెయ్యి దొరకు అంగడి కనబడినచో, ఆ దినమున నూరుమందికి పండుగయే. ఆ పండుగ అధికారులు ఇచ్చినది కాదు, ధనము పెట్టి కొన్నది కాదు. ఎవరో పుణ్యాత్ములు ఎన్నడో త్రవ్వించిన నూయి, ఎవరో నాటిన చెట్టు. దానిని గుర్తించి కాగితము మీద ఎక్కించినప్పుడు వీరాస్వామయ్యగారు తన సంతోషమును మిత్రునికి పంపుటయే గాక, వెనుక వచ్చు యాత్రికునికి కూడ దానిని దాచి పెట్టుచున్నారు. ఆయన వ్రాతలోని చిన్న విషయములకు వెలుగు ఇచ్చట నుండి వచ్చినది.

ఆ వ్రాతల వెనుక నున్న ప్రమాదము ఎంతటిదో ఈనాటివారికి మరింత బాగుగా తెలియును. 1817లో వంగదేశమున విజృంభించిన కలరా అటుపిమ్మటి సంవత్సరములలో దేశదేశములకు ప్రాకెను. పూరీ, కాశీ, ప్రయాగల దారులు ఆ వ్యాధికి పేరుపడినవి. అది కలుషమైన నీటి మూలమున వ్యాపించునని లండను నగరమున జాన్ స్నో యను వైద్యుడు ఒక బావిని ఆధారముగా గొని చూపినది 1854లో. అనగా వీరాస్వామయ్యగారి యాత్ర ముగిసిన 23 ఏండ్లకు. ఏ నీరు ప్రాణము నిలుపునో, ఏ నీరు తీయునో శాస్త్రము చెప్పలేని కాలమున, నీటిని గూర్చి ప్రతి మజిలీలోను విచారించిన పెద్దను ఆ పరివారము పొందియుండుట సామాన్య భాగ్యము కాదు. చిన్నవానియందు దృష్టి నిలుపుట వినోదముగా మొదలైనను, దానిపై నూరు ప్రాణములు ఆధారపడి యుండెను.

తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలముల మీదుగా ఆయన హైదరాబాదు చేరిరి. అది నాసిరుద్దౌలా నిజాము ఏలుబడి తొలినాళ్లు; చందూలాల్ అధికారము సాగుచుండిన కాలము. మహానగర వైభవమును ఆయన తప్పక చూచిరి. కాని రాజభవనములకు ఎంత చోటిచ్చిరో, వీథులలో నడచు జనుల తీరునకును, వారు ధరించు ఆయుధములకును, చెరువునకును, బజారునకును అంతకు తక్కువ కాని చోటిచ్చిరి. నాగపూరునందును అంతే. ఊరు మారిన కొలది రొట్టె తినువారు, అన్నము తినువారు, కట్టు మార్చినవారు, మాట మార్చినవారు ఎదురగుచుండిరి. తనకు అలవాటు లేనిదానిని చూచి ఏవగించుకొనుట ఆయన స్వభావము కాదు. ఆచారనిష్ఠ గల బ్రాహ్మణుడయ్యును, వేరొక సీమ వారి ఆచారమునకు వారి నేల, వారి పంట, వారి నీరు ఏ కారణములగుచున్నవో ఆలోచించెడి గుణము ఆయనయందు కలదు.

ఆ కాలపు యాత్రికుని మరియొక చిక్కు నాణెములు. 1835లో కుంపిణీవారు తమ సీమ యంతటికిని ఒకే రూపాయిని ఏర్పరచిరి. అంతకు ముందు సీమకొక రూపాయి. చెన్నపట్టణపు రూపాయి వేరు, హైదరాబాదు సిక్కా వేరు, నాగపూరు రూపాయి వేరు, కలకత్తా సిక్కా వేరు. వంగ, ఉత్కళములలో చిల్లర బేరమునకు గవ్వలు చెల్లుచుండెను. ప్రతి హద్దునను షరాబు వద్ద మార్చుకొనవలెను. మార్చినప్పుడెల్ల వట్టము పోవును. తూనికలును అట్లే. సేరు అన్నచోట సేరు ఒకటి కాదు. దారిలో సుంకపు చౌకీలు సరేసరి. ఈ లెక్కలన్నియు విసుగు పుట్టించునవే. ఆ విసుగును కుతూహలముగా మార్చుకొనుటలో వీరాస్వామయ్యగారి నేర్పు కలదు. ఏ సీమలో ఏ నాణెము చెల్లును, దానికి మారకమెంత యని ఆయన వ్రాసిపెట్టినది నేడు చరిత్రకారులకు విలువగల ఆధారమైనది. తన కాలపు చిల్లర తన మరణానంతరము చరిత్ర యగునని ఆయన తలచి యుండరు.

జబ్బలపూరు మీదుగా ప్రయాగ, అటనుండి కాశి చేరుటతో యాత్రకు ముఖ్యప్రయోజనము నెరవేరెను. ప్రయాగ, గయ, పూరీ క్షేత్రములలో ఆ దినములలో కుంపిణీవారు యాత్రికుల నుండి పన్ను తీసికొనుచుండిరి; అది 1840లో గాని తొలగలేదు. పండాల బేరములు, దక్షిణల వాదములు వేరు. పుణ్యక్షేత్రమున కాలిడిన భక్తుని మనస్సు లెక్కలతో చెదరుట ఎంత సులభమో అనుభవించినవారికి తెలియును. వీరాస్వామయ్యగారు ఆ చిక్కులను దాచలేదు. వానిని చెప్పిన పేజీలలోనే గంగ యొడ్డును, ఘట్టములను, వీథులను, జనులను శ్రద్ధగా వర్ణించిరి. క్షేత్రమాహాత్మ్యము ఆయనకు ఎంత సత్యమో, క్షేత్రమున దొరకు కూరగాయయు, అద్దెయింటి వసతియు అంత సత్యము. భక్తికిని, బజారునకును నడుమ ఆయన గోడ కట్టలేదు.

ఇంచుమించుగా అదే కాలమున ఉత్తరదేశమున తిరిగిన విదేశీయులును దినచర్యలు వ్రాసిరి. కలకత్తా బిషప్ హెబర్ 1824, 1825 సంవత్సరములలో చేసిన యాత్ర వృత్తాంతము ఆయన మరణించిన పిమ్మట 1828లో లండనున ముద్రితమై విశేష ప్రచారము పొందెను. అది గొప్ప గ్రంథమే. అందు దేశము ఒక చిత్రపటము వలె కనబడును. వీరాస్వామయ్యగారి లేఖలలో దేశము వంటచేసికొని తినవలసిన చోటుగా, పిల్లలను వృద్ధులను దాటించవలసిన ఏరుగా కనబడును. ఒకరు చూచి పోయిరి. ఒకరు చూచుటతో పాటు కాపురము చేసిరి. దారిలోనే పదునైదు నెలల కాపురము!

గయ దర్శించి, కలకత్తా చేరి, అటనుండి మేదినీపురము మీదుగా పరివారము ఉత్కళమునకు దిగెను. నేడు నిమ్‌పురాలో నివసించువారికి ఈ భాగము ప్రత్యేకముగా హృదయము నంటును. ఆ నాటికి ఇచ్చట స్టేషను లేదు, కాలనీ లేదు, తెలుగు మాట లేదు. ఎర్రమట్టి నేల, సాలవృక్షముల అడవి, జగన్నాథునకు పోవు యాత్రికుల బారులు. ఇల్లు విడిచి ఏడాది దాటినది. ముందు ఇంకను సువర్ణరేఖ, వైతరణి, మహానది మొదలగు ఏరులు దాటవలసి యున్నది. ఇంటి తలపు బలముగా లాగుచుండెడి ఆ స్థితిలో సామాన్యుడు దారిని తిట్టుకొనుచు, దినములు లెక్కించుకొనుచు నడచును. వీరాస్వామయ్యగారి లేఖల తీరు మాత్రము మారలేదు. తొలినాటి మజిలీని ఏ శ్రద్ధతో వ్రాసిరో, అలసిన నాటి మజిలీని ఆ శ్రద్ధతోనే వ్రాసిరి. ఇల్లు చేరిన పిమ్మట సుఖపడుదమని నేటి దినమును వాయిదా వేయుట ఆయన ఎరుగరు.

పూరీ జగన్నాథస్వామిని సేవించి, గంజాము సీమ ప్రవేశించునప్పటికి చెవికి తెలుగు మాట తిరిగి సోకును. అటనుండి శ్రీకాకుళము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరు దారి. కాశికి పోవునప్పుడు తెలంగాణపు తెలుగును, వచ్చునప్పుడు కళింగాంధ్రపు తెలుగును, సర్కారు తెలుగును విని, తెలుగుదేశపు రెండు పార్శ్వములను ఒకే యాత్రలో చూచి వ్రాసినవారు అంతకుముందు వేరొకరు కానరారు. అప్పటికి ఆ సీమలు వేరు వేరు పాలనలలో నుండెను. మజిలీల పేర్లతో, బావులతో, తోపులతో ఆయన వానిని ఒక దారమున గ్రుచ్చిరి.

15 నెలలకు పైబడిన యాత్ర ముగించి 1831 సెప్టెంబరు 3న వీరాస్వామయ్యగారు చెన్నపట్టణము చేరి, మరల కచ్చేరీ కొలువున ప్రవేశించిరి. యాత్ర చేసి వచ్చితినని విరాగియై కూర్చుండలేదు. సాక్షుల మాటలు, కాగితములు, గృహకృత్యములు, మిత్రగోష్ఠి, దానధర్మములు ఎప్పటివలెనే సాగెను. 1836లో ఆయన దివంగతులైరి.

శ్రీనివాసపిళ్లగారు మిత్రుని లేఖలను పోగొట్టలేదు. వానిని క్రమముగా కూర్చి, 1838లో కాశీయాత్రచరిత్రగా ముద్రింపించిరి. తన వ్రాత అచ్చుకాగితము మీద ఎట్లుండునో వీరాస్వామయ్యగారు చూడలేదు. తెలుగున అచ్చుపుస్తకములే అరుదైన ఆ దినములలో, పురాణము కాక, కావ్యము కాక, ఒక ఉద్యోగి దారిలో కన్నవి విన్నవి వ్రాసిన పుస్తకము వెలువడుట ఒక నూతన సంఘటన. 1869లో అది రెండవ మారు ముద్రితమయ్యెను. పిమ్మట చాలకాలము మరుగున పడి యుండగా, బెజవాడ న్యాయవాది, చరిత్ర పరిశోధకులు దిగవల్లి వేంకట శివరావుగారు ఎంతయో శ్రమించి, వివరణములు కూర్చి, 1941లో దానిని మరల వెలుగులోనికి తెచ్చిరి. 1973లో ఆంగ్లానువాదమును వెలువడినది. ఇద్దరు మిత్రుల నడుమ నడచిన ఉత్తరములు తెలుగుజాతి సొత్తయినవి.

వీరాస్వామయ్యగారు రాజు కారు, దండనాథుడు కారు, సన్న్యాసి కారు. నెలజీతము తెచ్చుకొని, సెలవుపై యాత్ర చేసి, తిరిగి కొలువున చేరిన గృహస్థు. ఆయన జీవితమున అద్భుతములు లేవు. ఉన్నది ఒక్కటే విశేషము: దినము ఇచ్చినదానిని ఆయన ఆ దినముననే గుర్తించిరి. అట్లు గుర్తించుట ఆయనకు తీరికవలన రాలేదు. నూరుమంది భారము మీద నుండగా వచ్చినది. తన సుఖమునకై వెదకువానికి మంచినీరు దప్పి తీరినంత వరకే సంతోషము. పదిమందికై వెదకువానికి అది దొరకిన క్షణమున ఒకమారు, అందరును త్రాగుచుండగా చూచునప్పుడు ఒకమారు, ఇతరులకు తెలుపుటకై వ్రాయునప్పుడు ఒకమారు సంతోషము నిచ్చును. ఒక్క బావి మూడు మారులు తీపి యగును.

కేంద్రప్రభుత్వపు కొలువులలో నున్న తెలుగు కుటుంబములకు బదిలీ యనునది కొత్త మాట కాదు. పుట్టిన ఊరొకటి, పిల్లలు చదువుకొను ఊరొకటి, పెన్షను పుచ్చుకొను ఊరు ఇంకొకటి. కొత్త ఊరు చేరిన నాడు ఇల్లాలు మొట్టమొదట విచారించునది కుళాయినీరు ఏ వేళకు వచ్చును, బియ్యము ఎచ్చట మంచివి, పాలవాడు ఎవరు అను సంగతులే. పొరుగింటి తెలుగామె ఆ సంగతులు చెప్పి, తన పెరటి కరివేపాకు రెమ్మ విరిచి చేతికిచ్చును. వీరాస్వామయ్యగారు మజిలీ మజిలీకి చేసిన పని ఇదియే; కాగితము మీద చేసిరి, అంతియే భేదము. ఆ రెమ్మ పోపులో పడిన నాటి సాయంకాలము కొత్త ఊరు కొంత తన ఊరగును.

జగన్నాథపు బాట ప్రక్కనే నేడు రైలుబాట సాగుచున్నది. ఆయన నెలల తరబడి నడచిన కలకత్తా, చెన్నపట్టణముల నడిమి దారిని బండి యించుమించు ఒక పగలు, ఒక రాత్రిలో గడచును. కిటికీలోనుండి చూచువానికి ఊళ్లు పేర్లుగా కూడ మిగులవు. అయినను ఆ యూళ్లలో బావులు, తోపులు, అంగళ్లు, అన్నము వండుకొను మనుష్యులు ఎప్పటివలెనే యున్నారు. నిమ్‌పురాలో తెల్లవారుచున్నది. యార్డున రాత్రిపని ముగించి వచ్చువానికై ఒక యింట కాఫీనీళ్లు కాగుచున్నవి. ముంగిట ముగ్గు ఇంకను తడియారలేదు. ఏ మజిలీలోనైనను వీరాస్వామయ్యగారు మొదట వ్రాసికొనెడివి ఇట్టివే.